ముందే చెప్పినా వినిపించని మాట: డిస్టోపియన్ నవలల్లో భావిసూచన

మిత్రులారా, ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది డిస్టోపియన్ నవలల్లో భావిసూచన గురించి. కథలో ముందు ముందు జరగబోయేదాన్ని రచయిత ఏదో ఒక రూపంలో మనకు ముందే చూపించడాన్ని భావిసూచన అంటున్నాను. ఇంగ్లీషు విమర్శలో దీన్నే ఫోర్‌షాడోయింగ్ అంటారు. ఇక డిస్టోపియా సంగతి మీకు నేను వివరించనక్కర్లేదు. అంతా మీ మేలు కోసమే చేస్తున్నానని చెప్పే ఒక వ్యవస్థ, అదే మేలు పేరుతో మనుషుల జ్ఞాపకాన్నీ మాటనూ ఒంటినీ చివరికి చావునూ తన అధీనంలోకి తెచ్చుకున్న లోకం అది. అటువంటి లోకంలో నడిచే కథకు రాబోయేదాన్ని ముందే చెప్పవలసిన అవసరం ఏమిటి? ఆ లోకంలో జరగబోయేది చెడే అని పాఠకుడికి మొదటి పుటలోనే తెలుసు కదా! తెలిసినదాన్ని సూచించడం ఎందుకు? నన్ను చాలాకాలంగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. ఒక మాట ముందే చెప్పాలి. ముగింపులు చెప్పకుండా ఈ అంశం మాట్లాడటం సాధ్యం కాదు. నేను ప్రస్తావించే నవలలు చదవనివారు మీలో ఉంటే మన్నించండి. అయితే ఈ నవలలు ముగింపు తెలిశాక చదివినా బలం తగ్గవు. ఎందుకు తగ్గవో కూడా ఈ చర్చలోనే తేలుతుందని నా నమ్మకం.

సాధారణంగా భావిసూచన గురించి మాట్లాడేటప్పుడు అందరూ రష్యన్ రచయిత చెహోవ్ తుపాకీని ప్రస్తావిస్తారు. పేలే అవసరం లేని తుపాకీని రంగస్థలం మీద పెట్టవద్దని చెహోవ్ 1889లో ఒక ఉత్తరంలో రాశాడు. నిజానికి అది పొదుపుకు సంబంధించిన సలహా, అనవసరమైనదేదీ కథలో ఉండకూడదని దాని భావం. అపరాధ పరిశోధక నవలలో ఆ తుపాకీని రచయిత దాచిపెడతాడు. పాఠకుడు వెతుకుతాడు, రచయిత దారి మళ్ళిస్తాడు, చివర్లో అసలు సంగతి బయటపడుతుంది. మంచి డిస్టోపియన్ నవలలో మాత్రం దాచడం ఉండదు. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే కనుక మళ్ళీ చెబుతున్నాను, అక్కడ దాచడం ఉండదు. సూచన నడివీధిలో, పట్టపగలు, అందరి కళ్ళ ముందూ ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఆ లోకంలో అది మామూలు విషయం. పాత్రలు పట్టించుకోవు కనుక వాళ్ళ వెంట నడుస్తున్న మనమూ పట్టించుకోము. చివరికి జరగవలసింది జరిగినప్పుడు, ఇది నాకు ముందే చెప్పారే, నేను చదివి కూడా దాటిపోయానే అనిపిస్తుంది. అలా దాటిపోయినప్పుడు మనం ఆ రాజ్యంలోని పౌరుడు చేసిన పనే చేశాం.

ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూద్దాం. లోయిస్ లోరీ 1993లో ప్రచురించిన ‘ది గివర్’ చిన్న వయసు పాఠకుల కోసం రాసిన నవల. మొదటి అధ్యాయంలోనే జోనస్ అనే కుర్రవాడు ఏడాది కిందటి సంఘటన ఒకటి గుర్తు చేసుకుంటాడు. వాళ్ళ సమాజం మీదుగా ఎప్పుడూ రాని విమానం ఒకటి రెండుసార్లు ఎగిరింది. అందరూ దగ్గరలో ఉన్న భవనాల్లోకి వెళ్ళాలని స్పీకర్లు ఆదేశించాయి. కొంతసేపటికి ఆ స్పీకర్లే, శిక్షణలో ఉన్న పైలట్ ఒకడు దారి తప్పాడని, ప్రమాదమేమీ లేదని ప్రకటించాయి. అతన్ని విడుదల చేస్తారని వేరే చెప్పనక్కర్లేదు అని కూడా అన్నాయి. ఆ మాట అన్న గొంతులో కాస్త వినోదం ధ్వనించింది. జోనస్ చిన్నగా నవ్వుకున్నాడు. ఇక్కడ ఆగండి. ఆ నవ్వును గమనించండి. విడుదల అంటే భయంకరమైన శిక్ష అని ఆ పిల్లవాడికి తెలుసు. తెలిసీ నవ్వాడు, స్పీకర్ గొంతు నవ్వింది కనుక నవ్వాడు. విడుదలైనవాళ్ళు ఎక్కడికి పోతారో అతను అడగలేదు. మనమూ అడగలేదు. సమాజం నుంచి వెలివేస్తారు కాబోలు అనుకుని పుట తిప్పేశాం.

ఆ తర్వాత లోరీ ఏం చేస్తుందో చూడండి. ఆ ఒక్క ప్రస్తావనతో వదిలిపెట్టదు. ఒకసారి ఆటలో పొరపాటు చేసి జట్టును ఓడించిన స్నేహితుణ్ణి ‘నువ్వు విడుదల’ అని అరిచి జోనస్ చీవాట్లు తిన్నాడు. వృద్ధుల ఇంట్లో ఒక ముసలాయన విడుదలను అందరూ వేడుకగా జరుపుకుంటారు. అతని జీవితకథ చెప్పుకుంటారు, అతను సంతోషంగా వీడ్కోలు చెప్పి ఒక తలుపు వెనక్కు వెళతాడు. తలుపు అవతల ఏముందని జోనస్ అడిగితే అక్కడివాళ్ళకు తెలియదు. పసిపిల్లల పోషణ చూసే జోనస్ తండ్రి, కవలలు పుడితే ఇద్దరిలో బరువు తక్కువైన బిడ్డను విడుదల చేయవలసి ఉంటుందని ఇంట్లో మామూలుగా చెబుతాడు. శిక్ష, ఆట, పండగ, ఉద్యోగం: ఇన్ని వైపుల నుంచి ఒకే విషయాన్ని మన ముందుకు తెస్తుంది రచయిత్రి. వచ్చిన ప్రతిసారీ మనకు అది ఇంకాస్త అలవాటైపోతుంది. కథ చివరికి వస్తుండగా జోనస్ ఆ ఉదయం చిత్రీకరించిన దృశ్యాన్ని తెరమీద చూస్తాడు. ఎంతో మురిపెంగా పిల్లల్ని పెంచే తండ్రి, బరువు తక్కువ బిడ్డ నుదుటి నరంలోకి సూది గుచ్చుతాడు. కదలిక ఆగిన ఆ చిన్న దేహాన్ని ఒక అట్టపెట్టెలో పెట్టి, గోడలోని గొట్టంలోకి జారవిడుస్తాడు. ముద్దుగా టాటా చెబుతాడు. ఆ క్షణంలో మనకు మొదటి అధ్యాయంలోని పైలట్ గుర్తుకొస్తాడు, ముసలాయన గుర్తుకొస్తాడు, ఆటలో జోనస్ అరిచిన మాట గుర్తుకొస్తుంది. అన్నిటికీ మించి జోనస్ నవ్వు గుర్తుకొస్తుంది. కొత్త సమాచారం ఇక్కడ ఒక్కటే, కానీ దానితో వెనకటి పుటలన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. ఇదీ భావిసూచన చేయగల పని.

ఇప్పుడు ఈ విషయంలో అన్నిటికన్నా లోతైన నవల అని నేను భావించేదాని దగ్గరకు వస్తాను. జార్జ్ ఆర్వెల్ 1949లో ప్రచురించిన ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’. ఈ నవల గురించి మాట్లాడేవాళ్ళు మనుషుల మీద నిఘా పెట్టే తెర అయిన టెలిస్క్రీన్ గురించీ ఆ రాజ్యాధినేత పెద్దన్న గురించీ మాట్లాడతారు. అందులోని భావిసూచనల అల్లికను మాత్రం అంతగా పట్టించుకోరు. నాకు అది బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ అల్లికలోనే ఆర్వెల్ ఆలోచన మొత్తం ఉంది.

మొదటి అధ్యాయంలో నాలుగు మంత్రిత్వశాఖల భవనాల వర్ణన ఉంటుంది. అన్నిటికన్నా భయం పుట్టించేది ప్రేమ మంత్రిత్వశాఖ అని చెబుతూ, దానికి కిటికీలే లేవని ఒక్క చిన్న వాక్యంలో రాస్తాడు. మరికొన్ని పుటల తర్వాత కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ ఏడేళ్ళ కిందటి కల ఒకటి తలచుకుంటాడు. కటిక చీకటి గదిలో నడుస్తుంటే పక్కన కూర్చున్న ఎవరో, చీకటి లేని చోట మనం కలుసుకుందాం అన్నారట. ఆ గొంతు పాలక పార్టీలో పెద్ద స్థానంలో ఉన్న ఓబ్రయన్‌దని అతను తర్వాత గుర్తుపట్టాడు. ఆ మాటను అతను ఒక వాగ్దానంగా తీసుకున్నాడు. చీకటి లేని చోటు అంటే స్వేచ్ఛ ఉన్న రేపటి కాలం అని అతని ఆశ, మనమూ అలాగే అనుకుంటాం. కానీ కిటికీలు లేని భవనంలో పగలూ రాత్రీ తేడా ఎలా తెలుస్తుంది? అక్కడ దీపాలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. చీకటి లేని చోటు అంటే ఎన్నడూ దీపం ఆర్పని జైలు గది. ఈ రెండు ముక్కలూ నవల మొదట్లోనే, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆ రెంటినీ కలపవలసింది మనమే, కానీ మనలో ఎవరం కలిపాం? మొదటిసారి చదివినప్పుడు ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు చాలా అరుదుగా ఉంటారని నా అభిప్రాయం.

ఇంకా లోపలికి వెళదాం. విన్‌స్టన్ ఒక పాత సామాన్ల దుకాణానికి వెళతాడు. దాని యజమాని చారింగ్టన్ అనే మృదుస్వభావి. మేడమీద ఒక గది చూపిస్తాడు. గదిలో టెలిస్క్రీన్ లేదు. విన్‌స్టన్ ఆ సంగతి పైకి అనేస్తే, అవి ఖరీదైనవి, నాకు వాటి అవసరం ఎప్పుడూ తోచలేదు అంటాడు ముసలాయన. గోడకు పాత చర్చి బొమ్మ ఒకటి ఉంది. విన్‌స్టన్ దానివైపు చూస్తుంటే, చట్రం గోడకు బిగించి ఉంది, కావాలంటే మరలు ఊడదీసి ఇస్తాను అంటాడు. ఎంత మర్యాద! ఒక బొమ్మ పటాన్ని గోడకు మరలతో ఎందుకు బిగిస్తారని మనం అడగం. కొన్ని అధ్యాయాల తర్వాత విన్‌స్టన్ ప్రియురాలు జూలియా అదే బొమ్మను చూసి, దీని వెనక నల్లులుంటాయి, ఎప్పుడో ఒకరోజు తీసి శుభ్రం చేస్తాను అంటుంది. ఆ రోజు రాదు. చివరికి ఆ బొమ్మ వెనక నుంచే ఇనుప గొంతు వినిపిస్తుంది. బొమ్మ నేలమీద పడుతుంది, దాని వెనక టెలిస్క్రీన్ ఉంటుంది. చారింగ్టన్ ఆలోచనా పోలీసు, అంటే మనసులోని ధిక్కారాన్ని కూడా పట్టుకునే రహస్య పోలీసు.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. మామూలు నవలలో సూచనలను నాటేది రచయిత. ఈ నవలలో ఆ బొమ్మను గోడకు బిగించింది కథలోని రాజ్యమే. దుకాణం, గది, బొమ్మ, చారింగ్టన్ నేర్పిన పాత పిల్లల పాట, అన్నీ పోలీసులు అమర్చినవే. ఆ పాట చివర్లో పడుకోబెట్టడానికి కొవ్వొత్తి వస్తుంది, తల నరకడానికి కత్తి వస్తుంది. మొదటిసారి అది ఒక ముసలాయన మరిచిపోతున్న బాల్యగీతం. అరెస్టు వేళ అదే చరణం అదే మనిషి నోట వస్తుంది, అప్పుడు అది తీర్పు. అంటే రాబోయేది ఏమిటో రచయితకు తెలిసినట్టే ఆ లోకంలో పోలీసులకూ తెలుసు. ఇద్దరూ ఒకే గదిలో ఒకే వస్తువులను పేర్చారు. కథానాయకుడి జీవితాన్ని ఒక కథలా రాస్తున్న మరో చేయి కథ లోపలే ఉంది. నియంతృత్వం అంటే ఏమిటో ఇంతకన్నా గట్టిగా నవలా నిర్మాణంతో చెప్పినవాళ్ళు నాకు తెలిసి లేరు.

దీనికి రుజువుగా నేను ఎప్పుడూ చూపించేది ఒక దుమ్ము రేణువు. డైరీ రాయడం మొదలుపెట్టినప్పుడు విన్‌స్టన్ దాని అట్ట మూల మీద తెల్లటి దుమ్ము రేణువు ఒకటి పెడతాడు. ఎవరైనా పుస్తకం కదిలిస్తే అది రాలిపోతుంది, తనకు తెలుస్తుంది. తెలివైన జాగ్రత్త అనుకుంటాం. ఆ తర్వాత దాన్ని మరిచిపోతాం. నవల మూడో భాగంలో, అంతా ముగిశాక, ఏడేళ్ళుగా ఆలోచనా పోలీసులు తనను గమనిస్తూనే ఉన్నారని విన్‌స్టన్‌కు అర్థమవుతుంది. డైరీ మీది ఆ తెల్లటి రేణువును కూడా వాళ్ళు జాగ్రత్తగా తిరిగి దాని చోటనే పెట్టారు. ఏడేళ్ళు అన్న సంఖ్యను మరచిపోకండి. కల వచ్చింది కూడా ఏడేళ్ళ కిందటే. నవల మొదలయ్యేసరికే కథ ముగిసిపోయింది. మనం చదివినదంతా ముగిసిన కథకు మిగిలిన లాంఛనం.

మరి ఎలుకల సంగతి? అది అందరికీ తెలిసిందే కనుక త్వరగా దాటేస్తాను. ఆ గదిలో ఎలుక కనిపించగానే విన్‌స్టన్ ముఖం పాలిపోతుంది. తనకు అన్నిటికన్నా భయం ఎలుకలంటేనని అతను పైకి చెబుతాడు. బొమ్మ వెనక టెలిస్క్రీన్ ఉన్న గదిలో చెబుతాడు. ప్రేమ మంత్రిత్వశాఖలో చిత్రహింసలు పెట్టే నూట ఒకటో నంబరు గదిలో అతనికి ఏది ఎదురవుతుందో అక్కడే నిర్ణయమైపోయింది.

అయితే ఆర్వెల్‌లో నేను ఎక్కువగా మెచ్చుకునే చోటు ఇది కాదు. మొదటి భాగంలో ఒక భోజనాల గది దృశ్యం ఉంది. విన్‌స్టన్ తన చుట్టూ ఉన్నవాళ్ళను చూస్తూ ఎవరు మాయమైపోతారో ఎవరు మిగులుతారో మనసులో లెక్క వేస్తాడు. పొరుగింటి పార్సన్స్ భార్యను ఆమె పిల్లలే పట్టిస్తారు, ఆమె పోతుంది. అతి తెలివైన సహోద్యోగి సైమ్ పోతాడు. తను పోతాడు. ఓబ్రయన్ పోతాడు. పార్సన్స్ మాత్రం ఎప్పటికీ పోడు. ఆ నల్లజుట్టు పిల్ల, అంటే జూలియా, ఆమె కూడా పోదు. ఇప్పుడు నవల చివరి నుంచి వెనక్కు చూడండి. సైమ్ విషయంలో అతను చెప్పింది అక్షరాలా జరిగింది. ఓబ్రయన్ విషయంలో పూర్తిగా తప్పింది, అతను మొదటి నుంచీ రాజ్యం మనిషే. పార్సన్స్ జైల్లో కనిపిస్తాడు, కన్నకూతురే పట్టించింది, పైగా దానికి గర్వపడుతున్నాడు. జూలియా కూడా దొరికిపోయింది. ఒకే పేరాలో నిజమయ్యే సూచనలూ అబద్ధమయ్యే సూచనలూ కలిపి ఉన్నాయి. సైమ్ మాయం కావడంతో విన్‌స్టన్ అంచనా మీద మనకు నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకంతోనే ఓబ్రయన్‌ను కూడా నమ్ముతాం. ఎంత నేర్పు! ఒక సరైన జోస్యాన్ని ముందుగా నెరవేర్చి, దాని అండతో తప్పు జోస్యాన్ని మన చేత నమ్మించాడు. పిల్లలు తల్లిదండ్రులను పట్టిస్తారన్న సూచన కూడా నిజమే, కానీ బలయ్యే మనిషి మాత్రం మారాడు.

ఇక్కడ ఎవరైనా నన్ను అడగవచ్చు. ఇదంతా రాజ్యం కళ్ళు ఎక్కువగా ఉన్న కథల్లోనే సాధ్యం కదా, మెత్తగా, నిశ్శబ్దంగా నడిచే డిస్టోపియా సంగతి ఏమిటి అని. మంచి ప్రశ్న. కజువో ఇషిగురో 2005లో ప్రచురించిన ‘నెవర్ లెట్ మీ గో’లో పోలీసు లేడు, కంచె గురించి రభస లేదు. అవయవాలు ఇవ్వడానికే పెంచుతున్న పిల్లలు ఒక చక్కటి బడిలో చదువుకుంటుంటారు. అప్పుడప్పుడూ అక్కడికి వచ్చే ఒక పెద్దావిడ తమను చూసి భయపడుతోందని పిల్లలకు అనుమానం. తేల్చుకుందామని ఒకరోజు అందరూ గుంపుగా ఆమె పక్కకు వస్తారు. ఆమె కేకలు వేయదు, ఏమీ అనదు. వాళ్ళలో ఎవరైనా తనకు తగులుతారేమోనని ఒళ్ళు జలదరించిపోతున్నా బిగబట్టుకుని నిలబడుతుంది. సాలెపురుగును చూసి భయపడేవాళ్ళు ఎలా భయపడతారో అలా తమను చూసి భయపడిందని కథ చెబుతున్న క్యాథీ అంటుంది. అంతే. ఒక పెద్దావిడ ఒంట్లో పుట్టిన జలదరింపు. ఆ పిల్లల బతుకు ఎటు పోతుందో, బయటి లోకం వాళ్ళను మనుషులుగా లెక్కిస్తుందో లేదో, అన్నీ అందులోనే ఉన్నాయి. విషయం చెప్పకుండానే, విషయం తెలిసినవాళ్ళ శరీరం ఎలా స్పందిస్తుందో చూపించడం మరో మార్గం. నా దృష్టిలో ఇది చాలా కష్టమైన మార్గం, ఎందుకంటే పాత్రను ఒక్క మాట ఎక్కువ పలికించినా పాడైపోతుంది.

రే బ్రాడ్‌బరీ 1953 నాటి ‘ఫారెన్‌హీట్ 451’ నుంచి ఒక్క విషయం చెప్పి ముందుకు వెళతాను. అందులో కథ మొదటి రాత్రి నుంచే బాంబర్ విమానాలు నెత్తిమీదుగా పోతుంటాయి. జనం టీవీ గోడల ముందు కూర్చుని ఉంటారు. యుద్ధం గురించి మాట్లాడినా అది ఎవరో దూరపువాళ్ళ సంగతిలా మాట్లాడతారు. చివర్లో నగరం క్షణాల్లో నేలమట్టమైనప్పుడు ఇదేమిటి హఠాత్తుగా అని కొందరు పాఠకులు అంటారు. హఠాత్తు కాదు. మొదటి రాత్రి నుంచీ ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. దాన్ని నేపథ్యం అనుకున్నది మనమే.

ఇప్పుడు రాయాలనుకునేవాళ్ళ కోసం కొన్ని మాటలు. ఈ సభలో కథలు రాసే యువకులు ఎక్కువగా కనిపిస్తున్నారు కనుక ఇది చెప్పకుండా వెళ్ళడం నాకు ఇష్టం లేదు. కారుమబ్బులు, కాకి అరుపు, వీధి చివర గొణిగే పిచ్చివాడి హెచ్చరిక లాంటివి సూచనలుగా వాడకండి. అవి పాఠకుణ్ణి జాగ్రత్తపరుస్తాయి. జాగ్రత్తపడిన పాఠకుడు ఆ లోకంలోని పౌరుడిలా చదవలేడు. సూచనను ఒక ఫిర్యాదులో పెట్టండి, ఒక మర్యాద మాటలో పెట్టండి, ఇంటిపని మధ్యలో పెట్టండి. జూలియా బొమ్మను తుడుస్తానన్నది ఇంటిపని. చారింగ్టన్ మరలు ఊడదీస్తానన్నది మర్యాద. రెండూ మరో విషయం మాట్లాడుతూ మధ్యలో వచ్చిన మాటలు. సూచన పెట్టిన వెంటనే పాత్ర దృష్టిని ఇంకో దానిమీదికి మళ్ళించండి. పాత్ర ఆగితే పాఠకుడూ ఆగిపోతాడు. ఇంకొకటి, ఆ లోకపు పాలకులకు అది మామూలుగా కనిపించడానికి ఒక సహేతుకమైన కారణం మీ దగ్గర ఉండాలి. దారి తప్పిన పైలట్‌ను తీసేయడం వెనక ఆ సమాజానికి తనదైన తర్కం ఉంది. తర్కం లేని క్రూరత్వం ఎక్కడైనా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అది సూచనగా పనిచేయదు.

చివరగా, నెరవేరని సూచనల గురించి. చెహోవ్ మాట ప్రకారం తుపాకీ పేలాలి. కానీ మార్గరెట్ అట్‌వుడ్ 1985లో ప్రచురించిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ ఈ విషయంలో రెండు పనులూ చేసింది. రెండో అధ్యాయంలో కథ చెబుతున్న స్త్రీ, పాలకుల కోసం పిల్లల్ని కనడానికి బందీగా ఉంచిన మనిషి, తన గదిని వర్ణిస్తూ, కప్పు మధ్యలో పూడ్చివేసిన ఒక ఖాళీని చూస్తుంది. ఒకప్పుడు అక్కడ వేలాడే దీపం ఉండి ఉంటుందని, తాడు కట్టడానికి వీలైనవన్నీ తీసేశారని చెబుతుంది. జాగ్రత్తగా చదివితే ఆ ఒక్క మాటలో తనకు ముందు ఆ గదిలో ఉన్న స్త్రీ చావు ఉంది. చాలా అధ్యాయాల తర్వాత ఆమె ఉరివేసుకుందని మనకు తెలుస్తుంది. అది నెరవేరిన సూచన. కానీ కథ చివర్లో రహస్య పోలీసుల నల్ల వ్యాను వస్తుంది. ఆమెను పట్టుకుపోవడానికి వచ్చిందా, కాపాడటానికి వచ్చిందా? మనవాళ్ళే వచ్చారు, వెళ్ళు అంటాడు ఆ ఇంటి డ్రైవర్ నిక్. అతన్ని నమ్మడానికీ నమ్మకపోవడానికీ సరిపడా సూచనలు అంతకుముందే సమానంగా పేర్చి ఉన్నాయి. నవల వెనక 2195 నాటి ఒక పండితసభ ప్రసంగం ఉంటుంది. ఆమె తన కథను క్యాసెట్లలో రికార్డు చేయగలిగినంత దూరం వెళ్ళిందని అందులో తేలుతుంది, ఆ తర్వాత ఆమె ఏమైందో తేలదు. ఈ రెండో తరహా సూచనలను లోపమని కొట్టిపారేసే విమర్శతో నేను ఏకీభవించను. దోచుకోబడిన మనుషుల చరిత్ర అలాగే మిగులుతుంది, సగం ఆధారాలతో, రెండు వైపులా లాగే సాక్ష్యాలతో. ఆమె గతి తేల్చి చెప్పి ఉంటే అట్‌వుడ్ ఆ సభలోని పండితులకు లేని జ్ఞానాన్ని మనకు ఇచ్చినట్టయ్యేది. అది ఆ కథకు తగదు. దీని మీద మీలో కొందరికి వేరే అభిప్రాయం ఉండవచ్చు. నాకు ఇచ్చిన సమయం పూర్తయింది కనుక ఇక మీ ప్రశ్నలు వింటాను.